గోడ లేని చోట కూడా నడవాలి

వచ్చే జూన్‌లో నేనూ, నా కాలేజీ నాటి స్నేహితురాలూ కలిసి ఉత్తర ఇంగ్లండులోని హేడ్రియన్ గోడ వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలని నిశ్చయించుకున్నాం. మొత్తం 135 కిలోమీటర్లు. ఈ మాట చెప్పగానే లీడ్స్‌లో ఉంటున్న మా అక్క కొడుకు ఫోనులో ఇలా అన్నాడు: “పిన్నీ, గోడ బాగా కనిపించేది మధ్యలో ఓ ముప్ఫై కిలోమీటర్లే. మిగతా వందా ఊళ్ళు, పొలాలు, తారురోడ్లు. దానికి తొమ్మిది రోజులు ఎందుకు? నేను కారులో తీసుకువెళ్తాను. ఒక్క రోజులో చూసి రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు.”

వాడి లెక్కలో పెద్ద తప్పు లేదు. హైదరాబాదులో నేను సంప్రదించిన ఒక ట్రావెల్ సంస్థ కూడా అదే చెప్పింది. “చూడదగ్గ భాగం” రెండు రోజులు, ఆ తరువాత లండన్. కానీ మూడు నెలలుగా పటాలు ముందు వేసుకుని కూర్చున్న నాకు రోజురోజుకూ ఒక్క అభిప్రాయమే గట్టిపడుతోంది. ఆ వంద కిలోమీటర్లు వదిలేస్తే గోడను చూసినట్టు కాదు. అందంగా మిగిలిన ఒక ముక్కను చూసినట్టు, అంతే. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 122లో బ్రిటన్ వచ్చాడు. సామ్రాజ్యం ఇంకా పెరగనక్కర లేదు, ఉన్నదాన్ని నిలబెట్టుకుంటే చాలు అనుకున్న పాలకుడు ఆయన. గవర్నరు ఔలస్ ప్లటోరియస్ నెపోస్ ఆధ్వర్యంలో మూడు లీజియన్ల, అంటే మూడు పెద్ద రోమన్ సైనిక దళాల, సైనికులు పనిలోకి దిగారు. తూర్పున టైన్ నది ఒడ్డు నుంచి పడమట సాల్వే అఖాతం దాకా 80 రోమన్ మైళ్ళు, అంటే దాదాపు 117 కిలోమీటర్లు. తూర్పు వైపు రాతితో కట్టారు. పడమటి వైపు మొదట పచ్చిక గడ్డలు పేర్చి కట్టి, తరువాత దాన్నీ రాతిగోడగా మార్చారు. ప్రతి రోమన్ మైలుకూ ఒక చిన్న కోట, రెండు కోటల నడుమ రెండు బురుజులు. ఉత్తరాన కందకం. అది అర్థమవుతుంది, శత్రువు అటే ఉన్నాడు కదా. కానీ దక్షిణాన కూడా ఒక పెద్ద కందకం తవ్వి, దానికి రెండు పక్కలా మట్టికట్టలు పోశారు. దాన్ని వల్లం అంటారు. తమ ఏలుబడిలో ఉన్న జనం కూడా సైన్యం ఉండే నేల మీదికి ఇష్టం వచ్చినట్టు రాకుండా చేసిన ఏర్పాటది. ఈ గోడ గురించి చదువుతున్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపింది ఆ దక్షిణపు కందకమే.

1987లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. 2003లో గోడ వెంట జాతీయ కాలిబాట తెరిచారు. బాట అక్కడక్కడా గోడను వదిలి చుట్టూ తిరుగుతుంది కాబట్టి గోడ కంటే పొడవు ఎక్కువ.

ఇక నా సంగతి. మా అమ్మమ్మ వాళ్ళది వరంగల్ కోట. కోట చూడటానికి వెళ్ళడం కాదు, కోట లోపలే ఇల్లు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన రాతికోట, దాని బయట మట్టికోట, వాటి నడుమ పొలాలు, ఇళ్ళు, బడి, చెరువు. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు మేము కాళ్ళు కడుక్కునే రాయి మీద ఒక పద్మం చెక్కి ఉండేది. పశువుల కొట్టం గోడలో రెండు పెద్ద రాళ్ళు మిగతా రాళ్ళకు పొంతన లేకుండా నున్నగా, చదరంగా ఉండేవి. ఎక్కడివి అని అడిగితే “కోటవే” అనేది అమ్మమ్మ. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో ఆమెకూ తెలియదు. కోట అంటే తోరణాలు నిలబడి ఉన్న చోటు మాత్రమే కాదని, మా కొట్టంలో ఉన్నది కూడా కోటేనని నాకు అప్పుడే ఎక్కడో నాటుకుంది.

హేడ్రియన్ గోడ కూడా అలాగే ఊళ్ళలోకి వెళ్ళిపోయింది. హెక్సామ్‌లో ఏడో శతాబ్దంలో కట్టిన చర్చి నేలమాళిగ అంతా రోమన్ రాళ్ళే. లానర్‌కాస్ట్ మఠం కట్టిన సన్యాసులు గోడ రాళ్ళు మోసుకుపోయారు. థర్ల్‌వాల్ కోట కట్టిన ప్రభువులు కూడా అంతే. ఆ తరువాత రైతుల ఇళ్ళు, గొర్రెల దొడ్లు, పొలాల హద్దుగోడలు. ఇవన్నీ ఒక ఎత్తు, 1745లో జరిగింది ఒక ఎత్తు. ఆ ఏడాది స్కాట్లండు నుంచి తిరుగుబాటు సైన్యం పడమటి దారిన దిగి కార్లైల్ పట్టణాన్ని పట్టుకుంది. న్యూకాసిల్‌లో ఉన్న సేనాని వేడ్ తన దండుతో అక్కడికి చేరలేకపోయాడు. సరైన రోడ్డు లేదు, పైగా మంచు. తిరుగుబాటు అణిగాక 1750లలో ప్రభుత్వం తూర్పు నుంచి పడమరకు సైనిక రహదారి వేసింది. చేతికి అందే దూరంలో తిన్నగా సాగిన గోడ ఉంది కదా! దాన్నే పడగొట్టి, ఆ రాళ్ళనే పరిచి, దాని మీదే రోడ్డు వేశారు. దాదాపు 50 కిలోమీటర్ల గోడ అలా పోయింది. నేటి బి6318 రోడ్డు అదే.

మా ప్రయాణంలో రెండో అంచె, హెడన్ అనే ఊరి నుంచి చోలర్‌ఫోర్డ్ దాకా, ఈ రోడ్డు పక్కనే సాగుతుంది. దాదాపు 24 కిలోమీటర్లు. నేను చదివిన నడక అనుభవాల్లో చాలామంది ఈ భాగాన్ని విసుగ్గా దాటేశారు, బస్సెక్కి ముందుకు వెళ్ళమని సలహా కూడా ఇచ్చారు. నాకు అర్థం కాని సంగతి ఇదే. ఒక సామ్రాజ్యం కట్టిన హద్దు మీద పదహారు వందల ఏళ్ళ తరువాత మరో రాజ్యం తన రోడ్డు వేసుకుంది. ఆ రోడ్డు పక్కన నడుస్తుంటే కారు చక్రాల కింద గోడ ఉంటుంది, ఒక వైపు రోమన్ కందకం, మరో వైపు వల్లం ఇప్పటికీ నేలలో పల్లాలుగా కనిపిస్తుంటాయి. మధ్యలో ఉండవలసిన గోడ మాత్రమే లేదు. గోడ ఏమైందో చెప్పే చోటు ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది?

ఆ అంచె చివర ప్లేన్‌ట్రీస్ అనే చోట కాస్త గోడ మిగిలి ఉంది. అది మిగలడానికి కారణం ఒక ముసలాయన. 1801లో విలియం హట్టన్ అనే బర్మింగ్‌హామ్ వ్యాపారి, 78 ఏళ్ళ వయసులో, ఇంటి నుంచి నడిచి గోడ దగ్గరికి వచ్చి, గోడ పొడవునా వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ నడిచే ఇంటికి చేరాడు. దాదాపు 600 మైళ్ళు. దారిలో ఇక్కడ ఒక భూస్వామి ఇల్లు కట్టుకోవడానికి గోడను ఊడదీయిస్తుంటే చూసి, ఆపమని వేడుకున్నాడు. ఆయన మాట వల్ల ఆ ముక్క నిలిచింది. కారులో వచ్చే వాళ్ళకు అక్కడ ఆగాలని తోచదు. నేను మాత్రం ఆ చిన్న ముక్క దగ్గర కూర్చుని మధ్యాహ్నం అన్నం తినాలని పటం మీద గుర్తు పెట్టుకున్నాను.

మొత్తం నడవాలి అని తేల్చుకున్నాక మిగతా నిర్ణయాలన్నీ దాని వెంటే వచ్చాయి. ముందు దిక్కు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి పడమర నుంచి తూర్పుకు నడిస్తే వీపు మీద గాలి తోడు వస్తుందని చాలామంది అంటారు. మంచి సలహానే. అయినా మేము తూర్పు నుంచే మొదలుపెడుతున్నాం. పురావస్తు శాస్త్రజ్ఞులు మైలు కోటలకు అంకెలు వేసింది తూర్పు నుంచి పడమరకు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వెళ్తే కోట కనిపించకపోయినా ఇప్పుడు ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది. హౌస్‌స్టెడ్స్ అనే పెద్ద రోమన్ కోట దాటగానే 37, కొండల మీద ఎక్కి దిగుతూ 39. పొలంలో కాస్త ఉబ్బిన గడ్డి తప్ప ఏమీ లేని చోట కూడా ఒక అంకె ఉంటుంది. ఎదురుగాలిని ఓర్చుకోవచ్చు.

మొదటి రోజు వాల్‌సెండ్. పేరులోనే గోడ కొస ఉంది. అక్కడి సెగెడునమ్ కోట మీద 19వ శతాబ్దంలో కార్మికుల ఇళ్ళ వరసలు లేచాయి, 1970లలో ఆ ఇళ్ళు తీసేశాక కింద కోట పథకం మొత్తం బయటపడింది. పక్కనే ఓడలు కట్టిన రేవు. టైటానిక్ మునిగిన రాత్రి పడవల్లో మిగిలినవాళ్ళను ఎక్కించుకున్న కార్పాతియా ఓడ వాల్‌సెండ్‌లోనే తయారైంది. అక్కడి నుంచి బాట టైన్ నది పక్కగా న్యూకాసిల్ నగరం గుండా పోతుంది. గోడ మాత్రం ఎగువన వీధుల కింద ఉంది. బెన్‌వెల్ పేటలో మామూలు ఇళ్ళ మధ్య ఆంటెనోసిటికస్ అనే స్థానిక దేవుడి చిన్న గుడి పునాదులు ఉన్నాయి. బాట వదిలి వాటి కోసం కొంత ఎక్కవలసిందే. అందుకే న్యూకాసిల్‌కు ఒక పూట ఎక్కువ ఇచ్చాను.

మొదలుపెట్టడానికి ముందు రోజు సౌత్ షీల్డ్స్ వెళ్ళాలి, మెట్రో రైలు ఉంది. అక్కడి అర్బీయా కోట మ్యూజియంలో ఒక సమాధి రాయి ఉంది. సిరియాలోని పల్మైరా నుంచి వచ్చిన బరాటిస్ అనే మనిషి తన భార్య రెజీనా కోసం చెక్కించింది. ఆమె దక్షిణ బ్రిటన్‌కు చెందిన కటువెల్లౌని తెగ స్త్రీ. మొదట అతని బానిస, తరువాత అతను విడిపించి పెళ్ళాడాడు. 30 ఏళ్ళకే పోయింది. శాసనం లాటిన్‌లో ఉంది. కింద చివరి పంక్తి మాత్రం అతని సొంత లిపిలో, సొంత భాషలో: బరాటిస్ విడిపించిన రెజీనా, అయ్యో. ఆ ఊళ్ళో ఆ పంక్తి చదవగలిగిన వాళ్ళు ఎందరుంటారు? అయినా రాయించాడు. దుఃఖం తల్లిభాషలోనే బయటికి వస్తుందని పరాయి దేశంలో బతికిన ఏ తెలుగువాడికీ నేను చెప్పనక్కర లేదు.

“రోమన్ల గోడ” అంటాం కానీ దాన్ని కాపలా కాసిన వాళ్ళలో ఇటలీ వాళ్ళు తక్కువ. హౌస్‌స్టెడ్స్‌లో నేటి బెల్జియం వైపు నుంచి వచ్చిన టుంగ్రియన్లు, బర్డోస్‌వాల్డ్‌లో నేటి రుమేనియా నుంచి వచ్చిన డేసియన్లు, కార్వోరాన్‌లో సిరియా విలుకాళ్ళు, పడమటి కొస దగ్గర ఉత్తర ఆఫ్రికా మూర్లు. కారాబరా దగ్గర పొలంలో మిత్రాస్ దేవుడి గుడి ఉంది. ఆ పేరు పర్షియాలోని మిత్రకూ, మన ఋగ్వేదంలోని మిత్రుడికీ దాయాది. అదే కాలంలో ఇక్కడ శాతవాహనులు ఏలుతున్నారు, రోమన్ నాణేలు మన నేలలోనూ దొరికాయి. ప్రపంచం అప్పుడే అంత దగ్గరగా ఉంది. హద్దు గీయడానికి కట్టిన గోడ దగ్గరే ఇన్ని దేశాల మనుషులు కలిశారు. ఈ సంగతి కూడా మధ్య ముప్ఫై కిలోమీటర్లలో తెలిసేది కాదు. సిరియా రాయి తూర్పు కొసన ఉంటే మూర్ల ఊరు పడమటి కొసన ఉంది.

ఇప్పుడు కష్టమైన పని, పడకలు. అనుమతి లేకుండా ఎక్కడ పడితే అక్కడ గుడారం వేసుకోవడం అక్కడ చట్టం ఒప్పుకోదు. గోడ మధ్య భాగంలో బస చేసే ఇళ్ళు కొన్నే, వేసవికి అవి నెలల ముందే నిండిపోతాయి. కాబట్టి రోజుకు ఎంత నడవాలన్నది కాళ్ళు కాదు, మంచాలు నిర్ణయిస్తాయి. ఇంకో చిక్కు వీసా. బ్రిటన్ సందర్శక వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి మాత్రమే దరఖాస్తు చేయవచ్చు, గదులేమో అంతకంటే ముందే పట్టుకోవాలి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే గదులే తీసుకున్నాం. ఇలా వెళ్ళాలనుకునే వాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఇదే. విమానం టిక్కెట్టు తరువాత, ముందు ఆ నాలుగైదు పల్లెల్లో మంచాలు.

కాలం విషయంలో నాకు రాజీ లేదు. చలికాలంలో చవకగా ఉంటుందని ఒకరు సలహా ఇచ్చారు. ఆ బాటలో ఎక్కువ భాగం గడ్డి, కావాలనే గడ్డిగా ఉంచారు. ఆ గడ్డి కింద ఇంకా తవ్వని రోమన్ అవశేషాలు ఉన్నాయి. శీతాకాలంలో నేల నీళ్ళు పట్టి మెత్తబడినప్పుడు వేల కాళ్ళు పడితే గడ్డి చచ్చి, మట్టి కొట్టుకుపోయి, కింద ఉన్నది బయటపడి పాడవుతుంది. అందుకే మే నుంచి అక్టోబరు దాకానే నడవమని, ఒకరి వెనక ఒకరు కాకుండా పక్కపక్కన నడవమని, గోడ ఎక్కవద్దని చెబుతారు. నడక పూర్తి చేసినట్టు ముద్రలు వేయించుకునే చిన్న పుస్తకం ఉంది, ఆ ముద్రలు కూడా ఆ నెలల్లోనే. మన గోల్కొండ గోడల మీద పేర్లు చెక్కిన వాళ్ళను చూసినప్పుడల్లా నా కడుపు మండుతుంది. పరాయి దేశపు గోడకు నా వల్ల అంత హాని కూడా జరగకూడదు. చేతికర్రలకు రబ్బరు తొడుగులు కొన్నాను.

మధ్య భాగం గొప్పది కాదని నేను అనడం లేదు. నల్లటి రాతి చరియల అంచున గోడ ఎక్కుతూ దిగుతూ పోయే ఆ దారి బొమ్మల్లో చూస్తేనే ఒళ్ళు పులకరిస్తుంది. విన్‌షీల్డ్స్ దగ్గర 345 మీటర్లు, బాట మొత్తంలో అదే ఎత్తైన చోటు. అది అంత బాగా నిలవడానికి చాలావరకు జాన్ క్లేటన్ కారణం. న్యూకాసిల్ నగరపాలనలో పెద్ద ఉద్యోగం చేస్తూ 19వ శతాబ్దంలో గోడ ఉన్న పొలాలను ఒక్కొక్కటిగా కొని, రాళ్ళు తరలిపోకుండా ఆపి, పడినవి తిరిగి పేర్పించాడు. అక్కడే రెండు కొండల నడుమ ఒంటరిగా నిలిచిన సికమోర్ చెట్టును 2023 సెప్టెంబరులో రాత్రికి రాత్రి నరికేశారు. మరుసటి ఏడాది మొద్దు నుంచి చిగుళ్ళు వచ్చాయి. ఆ చిగుళ్ళను చూడాలని నా స్నేహితురాలి కోరిక.

నా కోరిక విండోలాండా. గోడకు కాస్త దక్షిణాన ఉన్న ఆ కోట కోసమే ఒక రోజు నడక ఆపుతున్నాం. 1973లో అక్కడి తడి మట్టిలో సిరాతో రాసిన పలచటి చెక్క రేకులు దొరికాయి. గోడ కట్టడానికి ఇరవై ఏళ్ళకు పైగా ముందువి. సైనికుల లెక్కలు, సెలవు అర్జీలు, ఇంటి నుంచి పంపిన మేజోళ్ళ కబురు. వాటిలో ఒకటి, ఒక కోట అధికారి భార్య క్లాడియా సెవెరా మరో అధికారి భార్య సల్పీసియా లెపిడీనాకు రాసిన పిలుపు. సెప్టెంబరు 11న నా పుట్టినరోజు, నువ్వు వస్తే ఆ రోజు నాకు ఇంకా సంతోషంగా ఉంటుంది అని. పై భాగం లేఖకుడి రాత. చివర ఆమే స్వయంగా, అంత కుదురు లేని దస్తూరితో, సోదరీ నీకోసం ఎదురుచూస్తాను అని రాసుకుంది. స్త్రీ చేత్తో రాసిన లాటిన్‌లో మనకు దొరికిన అతి పాత నమూనాల్లో అది ఒకటి. అసలు రేకు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నాకు మాత్రం అది దొరికిన మట్టిని చూడాలని ఉంది.

చిన్న పిల్లలు ఉన్నవాళ్ళు, సెలవు దొరకని వాళ్ళు, మోకాళ్ళు సహకరించని పెద్దలు ఒక్క రోజే వెళ్తే నేను తప్పు పట్టను. గోడ పుట్టిన ఏడాదినే నంబరుగా పెట్టుకున్న ఏడీ122 బస్సు ఉంది, హాయిగా దాన్ని ఎక్కవచ్చు. నా అభ్యంతరం సమయం, శక్తి రెండూ ఉండి కూడా “చూడదగ్గ భాగం” అని ఎవరో గీసిన గీత లోపలే తిరిగి వచ్చే పద్ధతి మీద. నాలుగు రోజుల్లో పరుగు మీద ముగించే పద్ధతి మీద కూడా అంతే. మన దగ్గరా ఇదే జరుగుతోంది. వరంగల్ వచ్చిన వాళ్ళు తోరణం ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు. మట్టికోట చుట్టూ నడిచే వాళ్ళు ఎందరు?

సాధన మొదలైంది. నేను వారానికి రెండు పొద్దులు గోల్కొండ ఎక్కుతున్నాను, రాజమండ్రిలో ఉండే నా స్నేహితురాలు గోదావరి గట్టు మీద నడుస్తోంది. ఎక్కడం నాకు, దూరం ఆమెకు అలవాటవుతాయి. ఆమె ఎడమ మోకాలిని దృష్టిలో పెట్టుకునే మొదటి అంచెనూ, చివరి అంచెనూ రెండేసి రోజులకు విడగొట్టాను. పెద్ద సంచులు ఊరి నుంచి ఊరికి చేర్చే బండ్లు ఉన్నాయి. భుజం మీద వానకోటు, నీళ్ళు, పులిహోర పొడి, పుట్నాల పొడి, కొంచెం ఆవకాయ. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందర లేదు.

చివరి అంచె కార్లైల్ నుంచి. రాతిగోడ జాడ ఇక కనిపించదు. బర్గ్ అని రాసి బ్రఫ్ అని పలికే బ్రఫ్ బై సాండ్స్‌లో రాత్రి బస. మూర్ల దళం ఉన్నది ఇక్కడే. చర్చి గోడలో ఉన్నవి రోమన్ రాళ్ళే. 1307లో స్కాట్లండు మీదికి వెళ్తూ రాజు మొదటి ఎడ్వర్డ్ ప్రాణం విడిచింది ఈ ఊరి పక్క ఉప్పు చిత్తడిలోనే. ఊరు దాటాక రోడ్డు ఆ చిత్తడి అంచునే కొన్ని కిలోమీటర్లు తిన్నగా పోతుంది, పెద్ద పోటు వచ్చిన రోజుల్లో ఆ రోడ్డు మీదికి సముద్రం వచ్చేస్తుంది. పక్కన మరో దారి లేదు, నీళ్ళు తీసేదాకా ఆగవలసిందే.

మొన్న మా అక్క కొడుకు మళ్ళీ ఫోను చేశాడు. చివరి రోజు, పడమట బాట ముగిసే బౌనెస్ ఊరికి కారు తీసుకుని వస్తాడట. “ఎన్ని గంటలకు రమ్మంటారు పిన్నీ?” అని అడిగాడు. ఆ రోజు పోటుపాట్ల పట్టిక చూసి చెబుతానన్నాను.